"గెట్ బ్యాక్ టు యూ" అంటే ఏంటి, ఎలా వాడాలి? ఒక్క "టు" దగ్గర తప్పు పోకుండా

నల్గొండలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ముగించుకొని బస్సు దిగినవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "సార్, 'వుయ్ విల్ గెట్ బ్యాక్ టు యూ' అన్నరు. జాబ్ వచ్చినట్టా, రానట్టా?" జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీలకు పోయొచ్చిన పాలమూరు పిల్లలు ఫోన్ చేసి అడిగేది కూడా ఇదే. ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఇంటర్వ్యూ అయ్యాక బస్సులోంచే ఇంటికి ఫోన్ చేశాడట.

"ఏమన్నరు బిడ్డా?"

"మళ్ల వస్తమన్నరు నాయినా."

"మనింటికా? ఎన్నడొస్తరు?"

పిల్లవాడు పదాలకు చెప్పుకున్న అర్థాల్లో తప్పేం లేదు. బ్యాక్ అంటే వెనక్కి, టు యూ అంటే నీ దగ్గరికి. కానీ ఈ ముక్కలు "గెట్"తో కలిస్తే వచ్చే అర్థం వేరు: "ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు, కనుక్కొని చెప్తా." మనం "మళ్ల చెప్త" అంటామే, అదే. ఇందులో మనిషి రావడం, పోవడం ఏమీ లేదు. వచ్చేది జవాబు మాత్రమే. అది ఫోన్‌లో రావచ్చు, మెసేజ్‌లో రావచ్చు, మెయిల్‌లో రావచ్చు.

జాబ్ సంగతి ఆరో అడుగులో ఉంది. తొందరగా ఉంటే ముందు అది చదివి రండి, నేనేం అనుకోను.

ఏమేం కావాలి

ఒక తెల్ల కాగితం, పెన్ను. వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్. మీ జీవితంలోంచే మూడు సందర్భాలు: మీరు ఎవరికో జవాబు బాకీ ఉన్నవి, లేదా ఎవరో మీకు బాకీ ఉన్నవి. పుస్తకంలోని రామ్, సీత ఉదాహరణలు వద్దు, అవి నోటికి ఎక్కవు. అరగంట చాలు. గ్రామర్ పుస్తకం అవసరం లేదు.

1. ముందు బాణం గీయండి

కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదాని కింద "నేను", రెండోదాని కింద "వాళ్లు" అని రాయండి. జవాబు ఎవరు ఇవ్వాలో వాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఎవరికి అందాలో వాళ్ల దాకా బాణం గీయండి. బాణం మొదట్లో ఉన్నవాళ్లు "గెట్"కి ముందు వస్తారు. చివర ఉన్నవాళ్లు "టు" తర్వాత వస్తారు.

మీ ఇంట్లో బత్తాయి తోట ఉందనుకుందాం. ఢిల్లీ వైపు నుంచి కొనేవాళ్లు ఫోన్ చేసి టన్ను ఎంతకిస్తారని అడిగారు. ధర చెప్పాల్సింది మీ నాయిన. ఆయన్ని అడిగి మీరు చెప్పాలి. బాణం మీ నుంచి వాళ్లకు పోతుంది: "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ."

మీరు ధర చెప్పేశారు, వాళ్లు ఆలోచించుకొని చెప్తామన్నారు. ఇప్పుడు బాణం తిరిగింది: "దే విల్ గెట్ బ్యాక్ టు మీ."

చాలామంది రెండు సందర్భాల్లోనూ "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అనే అంటారు, ఎందుకంటే బట్టీ పట్టింది అదొక్కటే. బాణం గీసే అలవాటు పడితే ఈ తప్పు వారంలో పోతుంది.

2. విషయం, గడువు కలపండి

ఒట్టి "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" తప్పు కాదు. కానీ మన దగ్గర "చూద్దాం తీ" అన్నట్టే ఉంటుంది. దేని గురించి, ఎప్పటిలోపు అనే రెండు ముక్కలు తగిలిస్తే మాటకు బరువొస్తుంది. వరస ఇదీ:

ఎవరు + గెట్ బ్యాక్ టు + ఎవరికి + ఆన్ + ఏ విషయం + బై + ఎప్పటిలోపు

"ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ ఆన్ ద రేట్ బై ఫోర్ ఓ క్లాక్." ధర సంగతి నాలుగింటిలోపు చెప్తా.

"షీ విల్ గెట్ బ్యాక్ టు అజ్ ఆన్ ద హాస్టల్ ఫీజ్ బై మండే." హాస్టల్ ఫీజు సంగతి ఆమె సోమవారంలోపు మనకు చెప్తుంది.

"ఆన్" బదులు "అబౌట్" కూడా నడుస్తుంది. "రిగార్డింగ్" కూడా పెట్టొచ్చు గానీ, మాట్లాడేటప్పుడు అది కొంచెం ఆఫీసు వాసన కొడుతుంది.

మొత్తంలో ఒక్క వాక్యమే నేర్చుకునే ఓపిక ఉందా? అయితే ఇది నేర్చుకోండి: "లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ." కనుక్కొని చెప్తా అనడానికి ఇంతకంటే సహజమైన మాట లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లకైనా, గచ్చిబౌలిలో కాల్ తీసుకునేవాళ్లకైనా రోజూ పనికొస్తుంది.

హెచ్చరిక: "రెండు రోజుల్లో చెప్తా" అనడానికి మనవాళ్లు "ఆఫ్టర్ టూ డేస్" అంటారు. "ఇన్ టూ డేస్" అనండి. "బై" అంటే ఆలోపు, "ఇన్" అంటే అన్ని రోజులకు.

3. "టు" దగ్గర ఆగండి

ఈ పాఠంలో అసలు ప్రమాదం ఇక్కడే. ఒక చిన్న ముక్క మారితే స్నేహం కాస్తా పగ అవుతుంది.

నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కస్టమర్‌కు మెయిల్ రాస్తూ "ఐ విల్ గెట్ బ్యాక్ ఎట్ యూ షార్ట్‌లీ" అని రాశాను. మంచి ఇంగ్లీషే రాశానని గర్వంగా పంపాను కూడా. ఆయన దగ్గర నుంచి ఒక్క లైను వచ్చింది: "ఐ హోప్ నాట్!" ఎందుకలా అన్నాడో తెలియక పక్క సీటు ఆయన్ని అడిగితే, ఆయన నవ్వు ఆపుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. "గెట్ బ్యాక్ ఎట్" అంటే పగ తీర్చుకోవడం. "త్వరలోనే మీ మీద పగ తీర్చుకుంటా" అని కస్టమర్‌కు రాతపూర్వకంగా ఇచ్చానన్నమాట.

మన భాషలోనూ ఇలాంటి గోతి ఉంది. "తర్వాత చెప్తా" అంటే ఒకటి, "నీ సంగతి తర్వాత చెప్తా" అంటే మరొకటి. రెండోది వింటే చిన్నపిల్లలు కూడా పరుగు అందుకుంటారు. "టు" మొదటిది, "ఎట్" రెండోది. ఇలా గుర్తుపెట్టుకోండి.

మిగతా చుట్టాలను కూడా ఒకసారి చూద్దాం.

"ఐ విల్ గెట్ బ్యాక్ యూ": ఇది అసలు వాక్యమే కాదు. "టు" మింగేశారు. మా బ్యాచ్‌లో అన్నిటికంటే ఎక్కువ దొరికే తప్పు ఇదే. తెలుగులో "నీకు"లో "కు" అతుక్కొని ఉంటుంది, విడిగా కనపడదు. ఇంగ్లీష్‌లో ఆ "కు"ను విడిగా పెట్టాలి.

"ఐ విల్ గెట్ యూ బ్యాక్": "యూ" మధ్యలోకి జరిగింది, అర్థం కూడా జరిగింది. స్నేహితులు ఆటపట్టించుకునేటప్పుడు "ఉండు, నీ పని చెప్తా" అన్నట్టు. టీ డబ్బులు వేరేవాళ్లు ఇచ్చినప్పుడు "నీకు తర్వాత ఇచ్చేస్తాలే" అనే అర్థంలో కూడా అంటారు. హెచ్‌ఆర్ దగ్గర మాత్రం అనకండి.

"గెట్ బ్యాక్ విత్": అమెరికాలో కొందరు దీన్ని కూడా జవాబు చెప్తా అనే అర్థంలోనే వాడతారు. కానీ ఒక అబ్బాయి గురించో అమ్మాయి గురించో చెప్తూ ఈ మాట అంటే, విడిపోయినవాళ్లు మళ్లీ కలిశారని అర్థం వస్తుంది. మనకెందుకొచ్చిన గొడవ, "టు"తోనే ఉండండి.

"టు" తర్వాత ఏమొచ్చిందో కూడా చూడాలి. మనిషి వస్తే మామూలుగా జవాబు. ఊరు వస్తే తిరిగి చేరడం: "ఐ గాట్ బ్యాక్ టు నల్గొండ ఎట్ నైన్." పని వస్తే మళ్లీ మొదలుపెట్టడం: "లెట్స్ గెట్ బ్యాక్ టు వర్క్." ఇల్లు వస్తే మాత్రం "టు" పెట్టరు: "ఐ గాట్ బ్యాక్ హోమ్." మనిషి వచ్చినా ఒక్కోసారి తిరిగి చేరడమే అవుతుంది. గల్ఫ్‌లో ఉన్నాయన "ఐ వాంట్ టు గెట్ బ్యాక్ టు మై కిడ్స్" అంటే పిల్లలకు జవాబు చెప్పాలని కాదు, పిల్లల దగ్గరికి రావాలని. అక్కడ సందర్భం చూసుకోవాలి, వేరే దారి లేదు.

4. కాలం మార్చడం

ఇక్కడ ఎక్కువ ఆగక్కర్లేదు. "గెట్" మారుతుంది, మిగతా రెండు ముక్కలూ కదలవు.

చెప్పారు: "దే గాట్ బ్యాక్ టు మీ యెస్టర్‌డే."
ఇంకా చెప్పలేదు: "దే హావెంట్ గాట్ బ్యాక్ టు మీ యెట్." అమెరికావాళ్లు ఇక్కడ "గాటెన్" అంటారు, రెండూ సరైనవే.
చెప్పారా?: "డిడ్ దే గెట్ బ్యాక్ టు యూ?"
చెప్పినందుకు థ్యాంక్స్: "థ్యాంక్స్ ఫర్ గెటింగ్ బ్యాక్ టు మీ."

"డిడ్ దే గాట్" అనకండి. "డిడ్" వచ్చిందంటే గతకాలం పని అదే చూసుకుంటుంది. "థ్యాంక్స్ ఫర్ గెట్ బ్యాక్" కూడా వద్దు.

5. ఎవరితో అంటున్నారో చూసుకోండి

"మీకు చెప్తా" అనడం వేరు, "మీరు నాకు చెప్పండి" అనడం వేరు. మొదటిది ఎవరితోనైనా అనొచ్చు. రెండోదాన్ని ఉన్నదున్నట్టు "గెట్ బ్యాక్ టు మీ" అని పెద్దవాళ్లతో అంటే, "నాకు చెప్పు" అని పని పురమాయించినట్టు ఉంటుంది. తెలుగులో "చెప్పండి సార్" అంటే ఆ "అండి" మర్యాద చూసుకుంటుంది. ఇంగ్లీష్‌లో "అండి" లేదు. ముందు "ప్లీజ్" పెట్టినా పూర్తిగా మెత్తబడదు. వాక్యాన్నే ప్రశ్నగా మార్చాలి:

"కుడ్ యూ ప్లీజ్ గెట్ బ్యాక్ టు మీ వెన్ యూ హావ్ ఎ మినిట్?"

తోటివాళ్లతో అయితే "లెట్ మీ నో" చాలు, ఇంకా తేలిక. యూనివర్సిటీకి పెట్టుకునే దరఖాస్తులో, బ్యాంకు లెటర్‌లో, కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో "గెట్ బ్యాక్ టు" అస్సలు రాయకండి. ఇది నోటి మాట, మెయిల్ మాట. అర్జీలో "రిప్లై" అని రాసుకోండి.

ఇక "రివర్ట్ బ్యాక్". మన ఆఫీసుల్లో "ప్లీజ్ రివర్ట్ బ్యాక్" అని లేని మెయిల్ ఉండదేమో. ఇండియాలో "రివర్ట్" అంటే జవాబివ్వడం అని అందరికీ అర్థమవుతుంది. బ్రిటన్‌లో, అమెరికాలో అదే పదం వింటే పాత స్థితికి తిరిగి వెళ్లడం అనుకుంటారు. పైగా "రివర్ట్"లోనే వెనక్కి అనే అర్థం ఉంది, దానికి మళ్లీ "బ్యాక్" తగిలించడం గేటు దగ్గర గేటు కట్టినట్టు. విదేశీ క్లయింటుకు రాసేటప్పుడు మానేయండి. మీ ఆఫీసులో అందరూ అదే రాస్తుంటే మాత్రం వాళ్లను దిద్దే పని పెట్టుకోకండి, నేను పెట్టుకొని చూశాను.

6. ఆ మాట మీకు వినిపించినప్పుడు

ముందు చెవికి పట్టాలి. వేగంగా మాట్లాడేవాళ్లు "గెట్ బ్యాక్" అని విడదీసి అనరు. "ట" మింగేసి "గెబ్బ్యాక్" అంటారు, "టు యూ" కాస్తా "టుయా" అవుతుంది. మొత్తం కలిపి "విల్‌గెబ్బ్యాక్‌టుయా" అని ఒకే గుక్కలో పోతుంది. మీరే అలా పదిసార్లు అని చూడండి. నోరు తిరిగితే చెవీ పడుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంటర్వ్యూలో ఆ మాట అంటే జాబ్ వచ్చినట్టా? కాదు. రానట్టా? అదీ కాదు. ఎంపికైనవాళ్లతోనూ అదే అంటారు, కానివాళ్లతోనూ అదే అంటారు. నవ్వుతూ అన్నారు, చెయ్యి కలిపారు, జీతం ఎంత కావాలని అడిగారు అని లెక్కలు కట్టకండి. మన పక్కన "మళ్ల చెప్త తీ" అంటే సగం సార్లు లేదనే లెక్క కాబట్టి మనవాళ్లు వెంటనే దిగులు పడతారు. ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. ఇందులో ఉన్న సమాచారం ఒక్కటే: జవాబు చెప్పాల్సింది వాళ్లు.

కాబట్టి కుర్చీలోంచి లేచేలోపే గడువు అడగండి. "వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యూ?" ఇది అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు, ఎవరూ ఏమీ అనుకోరు. శుక్రవారం అన్నారనుకోండి, శుక్రవారం దాటనివ్వండి. సోమవారం పొద్దున పదకొండు ప్రాంతంలో ఫోన్ చేసి ఇలా అనండి:

"గుడ్ మార్నింగ్ మేడమ్. ఐ కేమ్ ఫర్ ద ఇంటర్వ్యూ లాస్ట్ ట్యూజ్‌డే. యూ సెడ్ యూ వుడ్ గెట్ బ్యాక్ టు మీ బై ఫ్రైడే. ఐ యామ్ జస్ట్ చెకింగ్ ఇఫ్ దేర్ ఈజ్ ఎనీ అప్‌డేట్."

ఆ "జస్ట్ చెకింగ్" వదలకండి, మెత్తదనమంతా అందులోనే ఉంది. "వై డిడ్ యూ నాట్ గెట్ బ్యాక్ టు మీ?" అంటే నిలదీసినట్టు ఉంటుంది. గ్రామర్ కరెక్టే, జాబ్ పోతుంది.

గడువు చెప్పకపోతే వారం చూసి ఒక మెయిల్ పెట్టండి. దానికీ జవాబు రాకపోతే ఇంకో ఇంటర్వ్యూకు పోండి. ఆ ఫోన్ కోసం ఇంట్లో కూర్చోవద్దు.

గట్టి హెచ్చరిక ఒకటి. మీరు అసలు ఇంటర్వ్యూకే పోని కంపెనీ పేరుతో ఎవరో "వుయ్ ఆర్ గెటింగ్ బ్యాక్ టు యూ ఆన్ యువర్ అప్లికేషన్" అని మెసేజ్ పెట్టి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, లేదా ఓటీపీ అడుగుతారు. ఇంగ్లీష్ ఎంత బాగున్నా సరే, రూపాయి కూడా పంపకండి. పొరపాటున పంపితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

7. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట్లో అనుకున్న మీ మూడు సందర్భాలకూ ఒక్కో వాక్యం కాగితం మీద రాయండి. "గెట్ బ్యాక్ టు" తీసేసి అక్కడ "రిప్లై టు" పెట్టి చదవండి. అర్థం చెడకపోతే సరిగ్గా వాడినట్టే. "ఐ విల్ రిప్లై టు యూ ఆన్ ద రేట్" కుదిరింది. "ఐ రిప్లైడ్ టు నల్గొండ ఎట్ నైన్" కుదరలేదు, అంటే అది తిరిగి చేరడం అనే అర్థం. వాక్యం తప్పని కాదు, అది వేరే పని చేస్తోందని.

తర్వాత ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "టు" వినపడుతుందా? గట్టిగా పలకక్కర్లేదు, ఉంటే చాలు. రాసేటప్పుడు పెట్టి మాట్లాడేటప్పుడు మింగేవాళ్లే ఎక్కువ, అందుకే కాగితం ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు.

చివరగా ఈ నాలుగూ ఇంగ్లీష్‌లో చెప్పి చూడండి. కింద జవాబులున్నాయి, ముందే చూడకండి.

క) "అక్కను అడిగి సాయంత్రంలోపు చెప్తా."
ఖ) "బస్ పాస్ సంగతి వాళ్లు ఇంకా నాకు చెప్పలేదు."
గ) "ఇంత తొందరగా చెప్పినందుకు థ్యాంక్స్ సార్."
ఘ) చేబదులు అడిగినప్పుడు పక్కింటాయన: "చూద్దాం తీ, మళ్ల చెప్త."

జవాబులు:

క) "లెట్ మీ ఆస్క్ మై సిస్టర్ అండ్ గెట్ బ్యాక్ టు యూ బై ఈవెనింగ్."
ఖ) "దే హావెంట్ గాట్ బ్యాక్ టు మీ ఆన్ ద బస్ పాస్ యెట్."
గ) "థ్యాంక్యూ ఫర్ గెటింగ్ బ్యాక్ టు మీ సో క్విక్‌లీ, సర్."
ఘ) దీనికి "గెట్ బ్యాక్ టు" అక్కర్లేదు. "నో" అని రాస్తే ఫుల్ మార్కులు.